పాత చిరునామాకు కొత్తవాడిగా

ఒక దేశంలో విద్యార్థిగా ఒకటి రెండేళ్లు గడిపి, పట్టా పుచ్చుకుని ఇంటికి వచ్చేసి, కొంతకాలం తర్వాత అదే దేశానికి ఉద్యోగం మీద మళ్లీ వెళ్లేవారిని వలసదారుల్లో విడిగా చూడాలి. మొదటిసారి వెళ్లేవారికి ఆ దేశం కొత్త, ఆ దేశానికి వాళ్లూ కొత్త. తిరిగి వెళ్లేవారి సంగతి అలా కాదు. వాళ్లకు ఊరు తెలుసు, యాస తెలుసు, ఏ బస్సు ఎక్కడ మారాలో తెలుసు. చేతిలో అక్కడి విశ్వవిద్యాలయం పట్టా ఉంది. పార్ట్‌టైమ్ పని చేసిన నెలల లెక్క అక్కడి పన్నుల శాఖ దగ్గర భద్రంగా ఉంది. అయినా వీసా దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి ఈ పరిచయంలో చాలా భాగం లెక్కకు రాదు.

పాత పరిచయానికి ఎంత విలువ ఇవ్వాలన్నది ఒక్కో దేశం ఒక్కో రకంగా తేల్చుకుంది. బ్రిటన్ నిబంధనలు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి బాగా పనికొస్తాయి. గడిచిన ముప్పాతిక శతాబ్దంలో ఆ దేశం తన పాత విద్యార్థిని అడ్డూ ఆపూ లేకుండా రానిచ్చింది, తర్వాత ఆపింది, కొన్నాళ్లు పిలిచింది, మళ్లీ వద్దంది. తెలుగు రాష్ట్రాల నుంచి పెద్ద సంఖ్యలో విద్యార్థులు వెళ్లే అమెరికా, జర్మనీ, కెనడాలతో పోల్చి చూస్తే ఈ విధానాల్లోని తేడాలు స్పష్టమవుతాయి.

వీసా అడగని రోజులు

1948 నాటి బ్రిటిష్ పౌరసత్వ చట్టం కింద భారతీయులతో సహా కామన్‌వెల్త్ పౌరులు బ్రిటన్‌లో అడుగుపెట్టడానికీ, పని చేసుకోవడానికీ విడిగా అనుమతి అక్కర్లేదు. చదువుకుని వెళ్లిపోయినవారు మళ్లీ రావాలంటే ఓడ టికెట్టు, చేరడానికి ఒక చోటు ఉంటే చాలు.

శాస్త్రవేత్త హర్ గోబింద్ ఖొరానా జీవితంలో ఆ కాలం కనిపిస్తుంది. భారత ప్రభుత్వ ఉపకార వేతనంతో 1945లో లివర్‌పూల్ వెళ్లిన ఆయన 1948లో పీహెచ్‌డీ ముగించారు. జ్యూరిక్‌లో కొంతకాలం పరిశోధన చేసి 1949లో భారత్‌కు వచ్చారు. తగిన ఉద్యోగం దొరకలేదు. 1950లో తిరిగి ఇంగ్లండ్ చేరి, కేంబ్రిడ్జిలో అలెగ్జాండర్ టాడ్ బృందంలో పనిచేశారు. 1952లో కెనడాలోని వాంకూవర్‌కు వెళ్లారు. 1968లో నోబెల్ బహుమతి అందుకున్నది అమెరికాలో స్థిరపడ్డాక. న్యూక్లిక్ ఆమ్లాల మీద ఆయనకు ఆసక్తి మొదలైంది ఆ రెండో రాకతో గడిచిన కేంబ్రిడ్జి రోజుల్లోనే.

అమర్త్య సేన్‌ది మరో దారి. 1953లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో విద్యార్థిగా చేరిన ఆయన 1956లో, ఇరవై మూడేళ్లయినా నిండకముందే, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర విభాగాధిపతి అయ్యారు. తర్వాత ట్రినిటీలో ఫెలోగా, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యుడిగా పనిచేసి, 1971లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. 1998లో తాను చదివిన ట్రినిటీకే మాస్టర్ (అధిపతి) అయ్యారు. రెండు దేశాల మధ్య ఇలా వెళ్లిరావడం ఆ తరం విద్యావంతులకు వింతేమీ కాదు.

1962 నాటి కామన్‌వెల్త్ వలసదారుల చట్టంతో ఈ స్వేచ్ఛకు కళ్లెం పడింది. పని చేయడానికి వచ్చేవారికి వోచర్లు తప్పనిసరి చేశారు. 1973 నుంచి అమల్లోకి వచ్చిన 1971 నాటి వలస చట్టం వర్క్ పర్మిట్ పద్ధతిని స్థిరపరచింది. 1986లో భారతీయులందరికీ ముందస్తు వీసా నిబంధన పెట్టారు. చదివి వెళ్లినవారికి వీటిలో వేటిలోనూ ప్రత్యేక స్థానం లేదు. చట్టం దృష్టిలో చదువు ఒక ప్రయాణం, ఉద్యోగం మరో ప్రయాణం. రెండూ చేసింది ఒకే మనిషి అన్న సంగతి దానికి పట్టలేదు.

తెరిచి, మూసి, మళ్లీ తెరిచి

జనాభా తగ్గుతుందన్న ఆందోళనతో స్కాట్లండ్ 2005లో అక్కడ చదివినవారికి రెండేళ్లు ఉండి పనిచేసే అవకాశం కల్పించింది. 2008లో పాయింట్ల పద్ధతి వచ్చినప్పుడు బ్రిటన్ అంతటికీ వర్తించే పోస్ట్ స్టడీ వర్క్ వీసా మొదలైంది. తెలుగు విద్యార్థుల నోట అది పీఎస్‌డబ్ల్యూ. ఆ పేరు ఎంతగా స్థిరపడిందంటే, 2021లో వేరే పేరుతో వచ్చిన గ్రాడ్యుయేట్ వీసాను కూడా కన్సల్టెన్సీల్లో, హాస్టళ్లలో పీఎస్‌డబ్ల్యూ అనే అంటున్నారు.

వాడుకలో పేరు ఒకటే అయినా రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాత వీసాకు పట్టా వచ్చిన ఏడాదిలోగా స్వదేశం నుంచి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే చదువు ముగిశాక ఇంటికి వచ్చి, అమ్మానాన్నలను చూసుకుని, పెళ్లో పేరంటమో ముగించుకుని, తాపీగా ఆలోచించుకుని తిరిగి వెళ్లే వీలుండేది. ఆ వీసాను 2012 ఏప్రిల్‌లో రద్దు చేశారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2021 జులై 1న వచ్చిన గ్రాడ్యుయేట్ వీసాకు దరఖాస్తు చేసే సమయానికి మనిషి బ్రిటన్‌లోనే ఉండాలి, చేతిలో గడువు తీరని స్టూడెంట్ వీసా ఉండాలి. డిగ్రీ, మాస్టర్స్ చదివినవారికి రెండేళ్లు, పీహెచ్‌డీ వారికి మూడేళ్లు ఇస్తారు. ఒక్కసారికే ఇస్తారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్ల గడువు పద్దెనిమిది నెలలకు తగ్గుతుంది.

ఈ రెండు వీసాల మధ్య తొమ్మిదేళ్లలో చదివినవారిలో చాలామందికి ఇలాంటి దారి మిగల్లేదు. చదువు ముగిసిన కొద్ది నెలల్లో స్పాన్సర్‌షిప్ ఇచ్చే సంస్థ దొరికితే ఉండిపోయారు, లేకుంటే విమానం ఎక్కారు. 2021లో తలుపు మళ్లీ తెరిచినప్పుడు అది ఆనాటికి దేశం లోపల ఉన్న విద్యార్థుల కోసమే తెరుచుకుంది. అదే కోర్సు, అదే విశ్వవిద్యాలయం. అయినా 2016లో చదివి వెళ్లిపోయినవారు ఆ వీసాకు అర్హులు కారు.

గడప దాటితే మారే లెక్క

ఒకే తరగతిలో ఎంఎస్సీ చదివిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ నిబంధనల బరువు తెలుస్తుంది. ఒకరు చదువు కాగానే గ్రాడ్యుయేట్ వీసా తీసుకుని లీడ్స్‌లో ఉండిపోయారు. మరొకరు తండ్రి ఆరోగ్యం బాగోలేక హైదరాబాద్ వచ్చేసి, గచ్చిబౌలిలో మూడేళ్లు మంచి ఉద్యోగం చేశారు. మొదటివారు ఆ వీసా గడువు తీరకముందు, రెండోవారు ఆ మూడేళ్ల తర్వాత లీడ్స్‌లోని ఒకే తరహా ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారనుకుందాం. అనుభవంలో రెండోవారు తక్కువేమీ కాదు. వీసా లెక్కలో మాత్రం ఇద్దరూ సమానం కారు.

మొదటిది జీతం. నైపుణ్య ఉద్యోగుల వీసాకు కనీస వార్షిక వేతనం 2024 ఏప్రిల్‌కు ముందు 26,200 పౌండ్లు. అది ఒక్కసారిగా 38,700కి, 2025 జులై 22 నుంచి 41,700కి పెరిగింది. ఆ వృత్తికి ప్రభుత్వం ఖరారు చేసిన వేతనం ఇంతకంటే ఎక్కువైతే అదే ఇవ్వాలి. 26 ఏళ్ల లోపువారికీ, స్టూడెంట్ లేదా గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవారికీ కొంత మినహాయింపు ఉంది. వారికి కనీసం 33,400 పౌండ్లు ఇస్తే సరిపోతుంది. ఆ వీసా గడువు ముగిసి రెండేళ్లు దాటకపోతే ఈ వెసులుబాటు దేశం విడిచి వెళ్లినవారికీ వర్తిస్తుంది. పాత విద్యార్థిని చట్టం గుర్తుపట్టే కొద్ది చోట్లలో ఇదొకటి. ఆ గుర్తింపు ఆయుష్షు రెండేళ్లు. గచ్చిబౌలిలో మూడేళ్లు గడిపి, 26 దాటినవారికి అది చెల్లదు.

రెండోది కంపెనీ మీద పడే ఖర్చు. విదేశీ ఉద్యోగిని తీసుకునే సంస్థ ప్రభుత్వానికి నైపుణ్య రుసుము చెల్లించాలి. పెద్ద సంస్థలకు ఏడాదికి 1,000 పౌండ్లుగా ఉన్న ఈ రుసుమును 2025 డిసెంబరులో 1,320కి పెంచారు. స్టూడెంట్ వీసా మీద దేశంలోనే ఉన్నవారిని నేరుగా ఉద్యోగ వీసాలోకి మారిస్తే ఈ రుసుము ఉండదు. అదే విద్యార్థి ఇంటికి వెళ్లి తిరిగి వస్తే కట్టాల్సిందే. మూడేళ్ల ఒప్పందానికి దాదాపు 4,000 పౌండ్ల తేడా. స్టూడెంట్ వీసా మీద ఉన్న అభ్యర్థి, తిరిగి వచ్చే అభ్యర్థి సమానంగా ఉన్నప్పుడు మానవ వనరుల విభాగం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

మూడోది అభ్యర్థి జేబు నుంచి పోయేది. ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు, ఉద్యోగులకు 1,035. వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ముందే కట్టాలి. మూడేళ్లకు 3,105 పౌండ్లు. భారత్ నుంచి ఆరు నెలలకు మించి ఉండడానికి వెళ్లేవారు గుర్తింపు పొందిన కేంద్రంలో క్షయ పరీక్ష చేయించుకోవాలి. విద్యార్థిగా వెళ్లినప్పటి ధ్రువపత్రం ఆరు నెలల తర్వాత చెల్లదు కాబట్టి ఛాతీ ఎక్స్‌రే మళ్లీ తీయించాల్సిందే. దేశం లోపల వీసా మార్చుకునేవారికి ఈ బెడద లేదు.

అన్నింటికంటే విచిత్రం 2022 మే నెలాఖరున మొదలైన ప్రతిభావంతుల వీసా. ప్రపంచ ర్యాంకుల్లో ముందున్న విశ్వవిద్యాలయాల్లో గత అయిదేళ్లలో పట్టా పొందినవారు చేతిలో ఉద్యోగం లేకపోయినా బ్రిటన్ వచ్చి రెండేళ్లు పని చేసుకోవచ్చు, పీహెచ్‌డీ అయితే మూడేళ్లు. ఆ జాబితాలో అమెరికా, ఐరోపా, ఆసియా విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. బ్రిటన్ విశ్వవిద్యాలయాలు లేవు. వాటిలో చదివేవారికి గ్రాడ్యుయేట్ వీసా ఉంది కదా అన్నది ప్రభుత్వ తర్కం. ఫలితంగా హార్వర్డ్‌లో చదివి, బ్రిటన్ ముఖం ఎన్నడూ చూడని వరంగల్ విద్యార్థి ఈ వీసాకు అర్హుడు. కేంబ్రిడ్జిలో చదివి ఇంటికి తిరిగొచ్చిన వరంగల్ విద్యార్థి అనర్హుడు.

మిగిలింది అదృష్టం. భారత్-బ్రిటన్ ఒప్పందంతో 2023 ఫిబ్రవరిలో మొదలైన యువ నిపుణుల పథకం కింద ఏడాదికి 3,000 మందికి రెండేళ్ల వీసా దొరుకుతుంది. డిగ్రీ, 18 నుంచి 30 మధ్య వయసు, బ్యాంకులో 2,530 పౌండ్లు ఉండాలి. ఎంపిక మాత్రం లాటరీ. బ్రిటన్‌లో చదివారా లేదా అన్నదాన్ని ఆ లాటరీ అడగదు.

దేశం గుర్తుంచుకునేవి, మరిచేవి

వీసా నిబంధనలు పాత విద్యార్థిని మరిచిపోయినా ఇతర వ్యవస్థలు కొన్ని మరిచిపోవు. వాటిలో మొదటిది నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్. రెండు అక్షరాలు, ఆరు అంకెలు, చివర మరో అక్షరం. విద్యార్థిగా గిడ్డంగిలోనో రెస్టారెంట్‌లోనో పనికి కుదిరినప్పుడు వచ్చిన ఈ నంబరు జీవితాంతం మారదు. పదిహేనేళ్ల తర్వాత తిరిగి వెళ్లినా కొత్త యజమానికి ఇవ్వాల్సింది ఆ పాత నంబరే. జాతీయ ఆరోగ్య సేవ కేటాయించిన నంబరు కూడా అంతే. అయితే దగ్గరి క్లినిక్‌లో జీపీ అనే కుటుంబ వైద్యుడి దగ్గర పేరు మళ్లీ నమోదు చేయించుకోవాలి.

ఇంగ్లిష్ పరిజ్ఞానం విషయంలోనూ పాత చదువు అక్కరకు వస్తుంది. బ్రిటన్ విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టాయే భాషకు రుజువు. ఉద్యోగ వీసాకు కావాల్సిన ఇంగ్లిష్ స్థాయిని 2026 జనవరిలో పెంచినా, అక్కడ చదివినవారికి మళ్లీ పరీక్ష రాసే పని లేదు. పట్టాను మరెక్కడో పోల్చి చూపించే ధ్రువపత్రమూ అక్కర్లేదు.

చెరిగిపోయేవి వేరే ఉన్నాయి. మూతపడిన బ్యాంకు ఖాతాల వివరాలు రుణ చరిత్ర సంస్థల దగ్గర ఆరేళ్లే ఉంటాయి. ఆ తర్వాత వచ్చేవారు అప్పు విషయంలో పసిబిడ్డతో సమానం. ఫోన్ కాంట్రాక్టుకూ, అద్దె ఇంటికీ ఇబ్బంది పడాల్సి వస్తుంది. ప్లాస్టిక్ నివాస అనుమతి కార్డుల స్థానంలో 2024 చివరికి ఈ-వీసా వచ్చింది కాబట్టి దాచుకున్న పాత కార్డు ఇప్పుడు జ్ఞాపిక మాత్రమే. పాత బ్యాంకు ఖాతాకు, విశ్వవిద్యాలయ పోర్టల్‌కు ఓటీపీ వెళ్లేది విద్యార్థి రోజుల్లోని ప్రీపెయిడ్ సిమ్‌కు. నెలల తరబడి వాడకుండా ఉన్న సిమ్‌ను కంపెనీ ఎప్పుడో రద్దు చేసి ఉంటుంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈ-మెయిల్ కూడా చాలాచోట్ల చదువు ముగిసిన కొన్నాళ్లకు ఆగిపోతుంది.

తెలుగువారికి ఇందులో పేరుతో వచ్చే చిక్కు ఒకటి అదనం. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక రాసుకోవడం మన అలవాటు. పదో తరగతి మెమోలో పొడి అక్షరాలుగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా విచ్చుకుంటుంది. విశ్వవిద్యాలయ పట్టాలో క్రమం తారుమారవుతుంది. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్న మహిళకు పాత పన్ను రికార్డు పుట్టింటి పేరుతో, కొత్త పాస్‌పోర్టు అత్తింటి పేరుతో ఉంటాయి. ఒకే మనిషికి చెందిన రెండు బతుకులను కలపడానికి వివాహ ధ్రువపత్రం, పాత పాస్‌పోర్టు రెండూ వెంట ఉండాలి.

అన్నింటికంటే విలువైనది చెరిగిపోయేది స్థిర నివాసపు లెక్కలో. ఉద్యోగ వీసా మీద అయిదేళ్లు ఉన్నవారు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే పద్ధతి చాలాకాలంగా ఉంది. సాధారణ గడువును పదేళ్లకు పెంచే ప్రతిపాదనను ప్రభుత్వం 2025 మేలో ప్రకటించింది. ఆ అయిదేళ్లలో విద్యార్థి కాలం కలవదు. పదేళ్ల సుదీర్ఘ నివాసం అనే మరో దారిలో విద్యార్థి కాలాన్నీ కలుపుతారు, కానీ ఆ పదేళ్లూ తెగకుండా ఉండాలి. మూడేళ్లు స్వదేశంలో గడిపితే గొలుసు తెగినట్టే. తిరిగి వెళ్లినవారి గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

విద్యార్థి చూసిన ఊరు వేరు

చట్టం సంగతి అలా ఉంచితే, తిరిగి వెళ్లేవారు తమకు తాముగా చేసుకునే పొరపాటు ఒకటుంది. ఊరు తెలుసన్న ధీమా. వాళ్లకు తెలిసింది విద్యార్థి ఊరు. తరగతి గది, గ్రంథాలయం, సెమిస్టర్ రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా చేసిన పార్ట్‌టైమ్, నలుగురైదుగురు కలిసి ఉన్న ఇల్లు, ఆదివారం ఈస్ట్ హామ్‌లో కొనుక్కొచ్చిన సోనా మసూరి బియ్యం సంచి. ఆ ఊరిలో ఖర్చులకు హద్దు ఉంది, బాధ్యతలకూ హద్దు ఉంది.

ఉద్యోగి ఊరు వేరు. అందుకు మంచి ఉదాహరణ కౌన్సిల్ ట్యాక్స్. మన దగ్గర ఇంటి పన్ను యజమాని కడతాడు. అక్కడ సాధారణంగా ఇంట్లో ఉండేవారే కట్టాలి, అద్దెకున్నా సరే. ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే మినహాయింపు ఉంటుంది కాబట్టి చదువుకునే రోజుల్లో ఈ బిల్లు మొహం చూసి ఉండరు. ఉద్యోగిగా అదే వీధిలో అద్దెకు దిగిన నెలలోనే కవరు వస్తుంది. సాధారణంగా పది నెలసరి వాయిదాల్లో కట్టాలి. అద్దె, కరెంటు మాత్రమే లెక్కేసుకుని వచ్చినవారి పద్దు మొదటి నెలలోనే తలకిందులవుతుంది.

జీతం లెక్కా అంతే. 41,700 పౌండ్లను రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోయే ముందు కోతలు చూడాలి. ఇంగ్లండ్‌లో 2025-26 రేట్ల ప్రకారం మొదటి 12,570 పౌండ్లకు ఆదాయపు పన్ను లేదు. మిగిలిన 29,130 మీద 20 శాతం చొప్పున 5,826 పౌండ్లు పన్ను, 8 శాతం చొప్పున సుమారు 2,330 పౌండ్లు నేషనల్ ఇన్సూరెన్స్ పోతాయి. పెన్షన్ వాటా తీయకముందే చేతికి నెలకు సుమారు 2,800 పౌండ్లు వస్తాయి. విద్యార్థిగా వారానికి 20 గంటల పనికి వచ్చిన సొమ్ములో పన్ను కోత దాదాపు లేదు కాబట్టి పే స్లిప్‌లో కోతల వరుస కూడా వారికి కొత్తే.

కుటుంబం తోడైతే మార్పు ఇంకా పెద్దది. 2024 జనవరి నుంచి తరగతుల ద్వారా బోధించే మాస్టర్స్ కోర్సుల విద్యార్థులు జీవిత భాగస్వామిని, పిల్లలను తీసుకువెళ్లడానికి వీల్లేదు. డిగ్రీ స్థాయి ఉద్యోగాల వీసా మీద వెళ్లేవారు తీసుకువెళ్లవచ్చు. ఒంటరిగా తెలిసిన ఊళ్లో ఇప్పుడు నర్సరీ ఫీజులు, ఇంటికి దూరాన్ని బట్టి దొరికే బడి సీట్లు, డిసెంబరులో నాలుగు గంటలు కాకముందే పొద్దుగూకే సాయంత్రాల్లో ఇంట్లో ఒంటరిగా ఉండే భాగస్వామి దిగులు కొత్త పాఠాలవుతాయి. వీసా మీద ఉన్నంతకాలం ప్రభుత్వ సంక్షేమ సాయాల్లో చాలావాటికి అర్హత ఉండదు.

పాత స్నేహాలూ ఉన్నచోట ఉండవు. ఒకే ఇంట్లో ఉన్న నలుగురిలో ఒకరు కెనడాలో, ఒకరు బెంగళూరులో, ఒకరు విజయవాడలో ఉంటారు. వీధులు అవే ఉంటాయి, పలకరించే మనుషులు మారిపోతారు. మొదటిసారి వెళ్లినవారు ఒంటరితనానికి సిద్ధపడే వెళతారు. రెండోసారి వెళ్లేవారు అలా సిద్ధపడరు కాబట్టి మొదటి ఆరు నెలలూ వాళ్లకే ఎక్కువ భారం.

ఇతర దేశాల దారి

జర్మనీ తన విశ్వవిద్యాలయాల పట్టాను ఎప్పటికీ చెల్లే నాణెంగా చూస్తుంది. అక్కడ చదివినవారు చట్టం దృష్టిలో నైపుణ్య కార్మికులే, పట్టాకు విడిగా గుర్తింపు తెచ్చుకోవాల్సిన పని లేదు. చదువు ముగిశాక ఉద్యోగ అన్వేషణకు పద్దెనిమిది నెలలు ఇస్తారు. దేశం విడిచి వెళ్లినా దారి మూసుకుపోదు. 2024 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న ఆపర్చునిటీ కార్డ్ కింద వెళ్లి ఏడాదిపాటు ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఇతరులు ఆరు పాయింట్లు కూడగట్టాలి, జర్మన్ పట్టా ఉన్నవారికి ఆ లెక్క అక్కర్లేదు. ఇతరులలోనూ గత అయిదేళ్లలో కనీసం ఆరు నెలలపాటు చట్టబద్ధంగా జర్మనీలో ఉన్నవారికి ఒక పాయింటు ఇస్తారు. అంటే ఒక సెమిస్టర్ మార్పిడి విద్యార్థిగా వెళ్లిన పరిచయానికీ అక్కడ విలువ ఉంది. జర్మనీలో చదివి అక్కడే తగిన ఉద్యోగంలో ఉన్నవారు శాశ్వత నివాసాన్ని రెండేళ్లకే కోరవచ్చు. అడ్డంకి భాష. ఇంగ్లిష్‌లో ఎంఎస్ ముగించి, జర్మన్ అంతంత మాత్రంగా నేర్చుకుని తిరిగొచ్చిన మన విద్యార్థులకు వీసా కంటే ఇంటర్వ్యూ కష్టమవుతుంది.

కెనడాది రెండు రకాల ధోరణి. చదువు తర్వాతి వర్క్ పర్మిట్‌ను కోర్సు పూర్తయినట్టు ధ్రువీకరించిన 180 రోజుల్లోగా అడగాలి, జీవితంలో ఒక్కసారే ఇస్తారు. శాశ్వత నివాసపు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మాత్రం కెనడా చదువుకు 15 లేదా 30 అదనపు పాయింట్లు ఉన్నాయి. ఎప్పుడు చదివారన్నది అక్కడ ప్రశ్న కాదు.

అమెరికాలో రెండు వైఖరులూ ఒకే వీసాలో కనిపిస్తాయి. హెచ్-1బీ వీసాల్లో ఏటా 65,000 అందరికీ, మరో 20,000 అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు మించి చదివినవారికి. ఈ రెండో కోటాకు కాలపరిమితి లేదు. పదేళ్ల కిందట టెక్సస్‌లో ఎంఎస్ చేసి కాకినాడలో స్థిరపడినవారి తరఫున కూడా ఈ ఏడాది కంపెనీ లాటరీలో పేరు వేయవచ్చు. ఈ పాత ఔదార్యానికి 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ఉత్తర్వు అడ్డుకట్ట వేసింది. కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించి, దేశంలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. ఇంటికి వెళ్లినవారి మీద కంపెనీ లక్ష డాలర్లు పెట్టాలి, ఉండిపోయినవారి మీద పెట్టక్కర్లేదు.

ఫుల్‌బ్రైట్ వంటి మార్పిడి కార్యక్రమాల విద్యార్థులకు అమెరికాలోనే దీనికి పూర్తిగా ఎదురు నియమం ఉంది. చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో గడిపితే గానీ వారికి హెచ్-1బీ గానీ శాశ్వత నివాసం గానీ ఇవ్వరు. నేర్చుకున్నది ముందు సొంత దేశానికి ఉపయోగపడాలన్నది ఆ నియమం వెనుక ఉద్దేశం.

వెళ్లనివ్వని నిబంధనలు

వలసలను తగ్గించాలనుకునే ప్రభుత్వాలు ఇంటికి వెళ్లేవారిని ప్రోత్సహించాలి. బ్రిటన్, అమెరికాల నియమాలు చేస్తున్నది అందుకు విరుద్ధం. ఒకసారి గడప దాటితే మళ్లీ లోపలికి రావడం కష్టమని తెలిసిన విద్యార్థి గడప దాటడు. చదువుకు సరిపోని ఉద్యోగంలో చేరతాడు, స్పాన్సర్‌షిప్ ఇస్తామన్న సంస్థ ఎంత తక్కువ ఇచ్చినా ఒప్పుకుంటాడు, వీసా గడువు కోసం ఇంకో కోర్సులో చేరతాడు. విద్యా రుణం ఇంటిని తాకట్టు పెట్టి తీసుకున్నదైతే ఈ ఒత్తిడి రెట్టింపవుతుంది. తల్లిదండ్రులకు అవసరం వచ్చినా రాలేని పరిస్థితి ఈ లెక్కల వల్లే. తిరిగి రావచ్చన్న భరోసా ఉంటే చాలామంది నిబ్బరంగా వెళతారు. ఇక్కడ అనుభవం సంపాదించి, అవసరమైనప్పుడు మరింత పనికొచ్చే ఉద్యోగిగా తిరిగి వస్తారు.

మార్పులు పెద్దవేమీ అక్కర్లేదు. ప్రతిభావంతుల వీసా జాబితాలో బ్రిటన్ తన విశ్వవిద్యాలయాలనూ చేర్చవచ్చు. వేతన మినహాయింపుకు పాత విద్యార్థుల విషయంలో ఉన్న రెండేళ్ల గడువును అయిదేళ్లు చేయవచ్చు. స్టూడెంట్ వీసా నుంచి మారేవారికి ఇచ్చే రుసుము మినహాయింపును తన పట్టాదారులందరికీ వర్తింపజేయవచ్చు. జర్మనీ పద్ధతి ఇవన్నీ ఆచరణ సాధ్యమేనని చూపుతోంది.

ఆలోగా, చదువు ముగించి ఇంటికి బయలుదేరేవారు కొన్ని కాగితాలు భద్రపరచుకోవడం మంచిది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు లేఖ, పని మానేసినప్పుడు యజమాని ఇచ్చిన పీ45, వీసా ఉన్న పాత పాస్‌పోర్టు, పట్టా, మార్కుల జాబితా, ఉన్న ఇళ్ల చిరునామాలు తేదీలతో సహా, పాత ఇంటి యజమాని నుంచి అద్దె సక్రమంగా చెల్లించినట్టు ఒక లేఖ. ఖాతాలన్నింటినీ సొంత ఈ-మెయిల్‌కు, భారత్ ఫోన్ నంబరుకు మార్చుకోవాలి. ఏడాది మధ్యలో వెళ్లిపోయినవారికి ఎక్కువ పన్ను కోత పడి ఉంటే నాలుగేళ్లలోగా తిరిగి అడగవచ్చు. ఆ డబ్బు అడిగే రోజున పన్నుల శాఖ పాత నంబరు చూసి మనిషిని వెంటనే గుర్తుపడుతుంది. వీసా శాఖకు కూడా ఆ నంబరు అందుబాటులోనే ఉంది. దాన్ని తిరిగి వచ్చేవారి పక్షాన ఒక అర్హతగా లెక్కలోకి తీసుకోవడమే మిగిలింది.